చిల్లుల కాగితం

జూన్ 3, సోమవారం

ఈరోజు పదిహేడు ఫిర్యాదులు. బూతులు నాలుగు, రాతలు తొమ్మిది, బొమ్మలు నాలుగు. మా సెక్షన్లో ఊరి గోడలన్నీ ఈ మూడు గళ్ళలోనే పడాలి. ఎవరో తమ ప్రహరీ మీద ఏదో గీశారని ఫోటో తీసి పంపుతారు. నేను చూసి ఏదో ఒక గడిలో వేస్తాను. పైపు మేస్త్రి బండేసుకెళ్ళి కడిగేసి, కడిగిన గోడ ఫోటో నాకు పంపుతాడు. బూతైతే అదే రోజు, మిగతావి వరసలో. ఈ ఊళ్ళో ఏ గోడ మీద ఏది ఎన్నాళ్ళుండాలో తేల్చేది నేనేనని ఒక్కడికీ తెలీదు.

పాత రిజిస్టరులో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి. భోజనాల వేళ రాసుకుంటే ఏమిటని అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో మాట్లాడే మనిషి ఎలాగూ లేడు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి మా ఆయనకి. ఇరవై ఆరేళ్ళు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది. ఇప్పుడు దిండు మీద పెడితే దిండు మీదే ఉంటుంది.

నాలుగు బొమ్మల్లో ఒకటి వింతగా ఉంది. రంగు లేదు, గీత లేదు, నల్లటి చుక్కలు మాత్రమే. ఫోటోని పెద్దది చేస్తే గోడకి దద్దుర్లు లేచినట్టుంది. చిన్నది చేస్తే ఒక ఆడమనిషి వీపు. ముడి, ముడికి క్లిప్పు. ఈ చుక్కల పద్ధతి ఎక్కడో చూసినట్టే ఉంది గానీ గుర్తు రాలేదు. బొమ్మల గడిలో వేసి వరసలో పెట్టాను.

జూన్ 5, బుధవారం

బస్టాండు గోడ మీద కూడా ఆ వీపే. ఈసారి ఫిర్యాదు చేసినాయన ఒక లింకు పంపాడు. 'వీళ్ళు దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్నారు, మీరేమో నిద్రపోతున్నారు' అని రాశాడు. నిద్రపోయే ఉద్యోగమైతే బాగానే ఉండును.

లింకు నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. అందులో అన్నీ గోడలే. మెట్ల నిండా ఈదుతున్న చేప ఉంది, అది కింద నుంచి చూస్తేనే చేపట, పై నుంచి చూస్తే వట్టి మెట్లట. గోడ బీటని కొమ్మగా చేసి దాని మీద ఒక పిట్టని కూర్చోబెట్టారెవరో. ఇంకొకడు దీపస్తంభం నీడని గోడ మీద రాశాడు, మబ్బు పట్టినా ఆ నీడ పోదు. పన్నెండేళ్ళుగా ఇలాంటివి కడిగించడమే నా పని. వీటిని చూడ్డానికి జనం పని మానుకుని కూర్చుంటారని ఈరోజే తెలిసింది.

మా ఊరి వీపు కూడా ఉందక్కడ. దానికి పేరు కూడా పెట్టేశారు, చుక్కలమ్మ అని. పదకొండు వందల మంది మెచ్చుకున్నారు.

జూన్ 6, గురువారం

గోడలు చూస్తూ అన్నం తినడం మర్చిపోయాను.

జూన్ 10, సోమవారం

చుక్కలమ్మ మెడ మీద ఎడమ పక్కన ఒక చుక్క మిగతావాటి కంటే లావుగా ఉంది. మొదట మరక అనుకున్నాను. మూడు గోడల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. మూడింట్లోనూ ఉంది, అదే చోట. క్లిప్పుకి ఒక పన్ను లేదు. మూడింట్లోనూ లేదు.

బాత్రూములోకి వెళ్ళి చేతి అద్దం, గోడ అద్దం ఎదురెదురుగా పట్టుకుని మెడ చూసుకున్నాను. పుట్టుమచ్చ ఎడమ పక్కనే ఉంది. క్లిప్పు తీసి పళ్ళు లెక్కపెట్టాను.

నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఇంకా కొన్ని సంగతులున్నాయి గానీ అవి రాయను.

ఆయన ఇన్నేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళని రాశారో లెక్కలేదు. సబ్బు బోర్డుకి ఒకత్తె, చెప్పుల కొట్టుకి ఒకత్తె, కళ్ళజోళ్ళ కొట్టుకి నలుగురు. నన్ను రాయమని ఒకసారి అడిగితే, "నీ మొహం బోర్డుకి ఆనదే" అని నవ్వారు. ఇప్పుడెవరో వీపు చూసే గోడలన్నీ నింపుతున్నాడు. మరి మొహం చూస్తే ఏమైపోయేవాడో.

ఇంట్లో కొత్త విషయం పెద్దగా లేదు. ఫిజియో అమ్మాయి సోమ, బుధ, శుక్రవారాలు పదకొండింటికి తాళం తీసుకుని వచ్చి గంటసేపు చెయ్యీ కాలూ ఆడించి వెళ్తుంది. ఎడమ చేతికి పట్టు రావాలని ఒక పని పెట్టిందట. అట్ట మీద కాగితం బిగించి, సూదితో చిల్లులు పొడవడం. సూదీ కాగితం నేనే కొనిచ్చాను, అదీ పెద్ద సైజు కాగితం. ఆయన రోజంతా పొడుస్తూనే ఉంటారు. సాయంత్రం చూస్తే కాగితం జల్లెడలా ఉంటుంది. మనిషిని అలా ఒక పనిలో పెడితే మంచిదే, బుర్ర పాడవదు. నిండిన కాగితాలని ఆ అమ్మాయి తీసుకెళ్తుంది, ఎంత మెరుగైందో చూసుకోడానికట.

"ఆంటీ, ఆయన పెదాలు ఎండిపోతున్నాయి, నీళ్ళు ఎక్కువ పట్టండి," అంది ఆమధ్య ఎదురుపడ్డప్పుడు. తనకేం, చెప్పి పోతుంది. తడిసిన దుప్పటి ఉతికేది నేను. అందుకే జగ్గు అలమారా మీద పెడతాను, పిడి గోడ వైపు తిప్పి. నేను వెళ్ళేముందు ఒక గ్లాసు, వచ్చాక ఒక గ్లాసు. అంతా ఆయన మంచికే. తను వచ్చిన రోజు సాయంత్రం మాత్రం పిడి ఇటు తిరిగి ఉంటుంది. నాకు తెలీదనుకుంటుంది.

జూన్ 13, గురువారం

రెండో బొమ్మ పడింది. అదే వీపు, కుడి చెయ్యి పైకెత్తి, మడమలు లేపి ఏదో అందుకుంటున్నట్టు. పేజీ వాళ్ళు మురిసిపోతున్నారు. 'ఆకాశాన్ని అందుకునే స్త్రీ' అని ఒకడు. 'ఆమె చేతికి చుక్కలు అందాలి' అని ఇంకొకత్తె, పక్కన ఏడుపు బొమ్మలు. ఒక మాస్టారైతే నాలుగు పేరాలు రాశాడు, స్వేచ్ఛ గురించి.

నేనూ వేరే పేరు పెట్టుకుని రాశాను. 'ఈవిడెవరో గానీ చాలా అందగత్తె అయ్యుంటుంది' అని. నలభై మంది అవునన్నారు.

చుక్కలమ్మ మీద వచ్చిన ఫిర్యాదులన్నీ వరసలో అట్టడుగుకి తోశాను. వాన పడితే పోయే బొగ్గుపొడికి అంత హడావిడి ఏముంది?

జూన్ 18, మంగళవారం

ఎవరై ఉంటారా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను. నా వీపు రోజూ చూసేవాళ్ళు ముగ్గురు. సూపర్‌వైజరుకి కళ్ళజోడు లేకపోతే తలుపూ కిటికీ ఒకటే. ప్యూన్ రిటైరవడానికి నెలలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇక మిగిలింది పైపు మేస్త్రి. గోడల మనిషి, మీసం బాగుంటుంది. అర్జీ కాగితాలు తీసుకోడానికి వచ్చి నా కుర్చీ వెనకే నిలబడతాడు.

ఈరోజు టీ తెప్పించి ఇచ్చాను. "ఏం మేస్త్రీ, గోడలు కడిగేవాళ్ళకి గోడల మీద గీయాలని ఎప్పుడూ అనిపించదా?" అన్నాను.

"ఎందుకనిపించదమ్మా? గీస్తే మళ్ళీ కడగాల్సింది నేనే కదా," అన్నాడు.

ఎంత గడుసుగా చెప్పాడో. కొత్త క్లిప్పు కొనుక్కుందామనుకున్నాను గానీ మానేశాను. పన్ను విరిగినదే అతను గుర్తుపెట్టుకున్నది.

జూన్ 19, బుధవారం

ముడి కాస్త పైకి వేసుకుని వచ్చాను. మేస్త్రి సెలవు.

జూన్ 24, సోమవారం

నిన్న వదిన వచ్చింది. తమ్ముణ్ణి చూసి కాసేపు ముక్కు చీదుకుని, తర్వాత నా చేతులు పట్టుకుంది. "నీ ఓపికకి దండం పెట్టాలమ్మాయ్. సొంత అక్కనై ఉండి నేను ఒక్క పూట చెయ్యలేను. వీడి అదృష్టం నువ్వు," అంది. ఆయన వదిన కొంగు పట్టుకుని ఏదో అనబోయారు. గొంతులోంచి గరగర తప్ప ఏమీ రాదు కదా. "చూశావా, నువ్వంటే ఎంత ప్రేమో, చెప్పలేక చెప్తున్నాడు," అంది వదిన. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

తను వెళ్ళాక అన్నం తినలేదాయన. పళ్ళు బిగపట్టి కూర్చున్నారు. దవడ పట్టుకుని తెరిపించాల్సి వచ్చింది. చెంచా తగిలి చిగురు కాస్త చిట్లింది. నేను కావాలని చేశానా? తినకపోతే మందులెలా పడతాయి? తినిపించే వాళ్ళకే ఈ మాటలన్నీ. చూసి వెళ్ళేవాళ్ళకి ముద్దులూ మురిపాలూ.

ఇంకొకటి. మంచం కడ్డీకి సైకిల్ బెల్లు బిగించింది ఫిజియో అమ్మాయి, అవసరమైతే మోగించమని. ఒకటే మోత. నేను ఫోనులో ఉన్నా మోతే, స్నానంలో ఉన్నా మోతే. ఈ పొద్దున స్క్రూడ్రైవరుతో ఊడదీసేశాను. ఆయనకి కనబడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకునే తీసుకెళ్ళాను, బాధపడతారని. తీసుకెళ్ళి గూట్లో పారేశాను.

జూన్ 28, శుక్రవారం

కొత్త బొమ్మ. ఇది నాకు నచ్చలేదు.

వీపు అదే. కానీ ముందుకి వంగి ఉంది. భుజం మీదుగా ఇంకొకరి గడ్డం, పైకి లేచిన ముక్కు కనిపిస్తున్నాయి. ఆ గడ్డాన్ని నొక్కుతున్న వేళ్ళు. రెండో చేతిలో చెంచా.

పేజీ అంతా గోలగోల. 'అమ్మ ప్రేమ' అన్నాడు స్వేచ్ఛ మాస్టారు. అతని కిందే ఒక నర్సు రాసింది: 'ఇరవయ్యేళ్ళుగా రోగులకి తినిపిస్తున్నాను. ఇది తినిపించడం కాదు. ఆ వేళ్ళు చూడండి.' దాని కింద మూడొందల మంది. 'మనం దేవతనుకున్నది దీన్నా?' అని ఒకడు. రాక్షసి అని ఒకడు.

ఇది చుక్కలమ్మ కాదు. పేరొచ్చిన దాన్ని చూసి ఎవరో కాపీ కొట్టి ఉంటారు. వేరే పేరుతో అదే రాశాను. పుట్టుమచ్చ ఉంది కదా అని ఎవరో బదులిచ్చారు. పుట్టుమచ్చలు అందరికీ ఉంటాయి.

జూలై 2, మంగళవారం

నిన్నటిది రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం ఫిర్యాదుల్లో ఒకటి వచ్చింది. వీపు, తలుపు వైపు వెళ్తోంది. చెయ్యి వెనక్కి మడిచి ఉంది. పిడికిట్లో సైకిల్ బెల్లు.

ఆ బెల్లు వారం క్రితం పొద్దున ఆరున్నరకి ఊడదీశాను. ఇంట్లో నేనున్నాను, ఆయనున్నారు. నా వెనక ఆయనే ఉన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అయిదున్నర. ఆయన ఒళ్ళో అట్ట, అట్టకి సగం పొడిచిన కాగితం. లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పడమటి ఎండ సూటిగా పడుతోంది. కాగితాన్ని ఎండకి అడ్డంగా పెట్టాను.

ప్రతి చిల్లులోంచీ వెలుగు వచ్చింది. నా ముడి, నా క్లిప్పు, నా నడుము. అలమారా. అలమారా మీదకి ఎత్తిన నా చెయ్యి. చుక్కలందుకోవడం కాదది. జగ్గు పైన పెట్టడం.

నాకు తెలియకపోవడమేమిటి? బోర్డు రాసేవాడి పెళ్ళాన్ని. పెద్ద బోర్డుకి ముందు కాగితం మీద బొమ్మ వేస్తారు. గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని బోర్డుకి ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దితే, చిల్లులున్న చోటల్లా చుక్క పడుతుంది. ఆ చుక్కలు కలుపుతూ రంగు వేసుకుంటారు. పెళ్ళైన కొత్తలో ఆ చిల్లులన్నీ పొడిచింది నేనే. ఆయన బొమ్మ వేస్తే పక్కన కూర్చుని గంటలు గంటలు పొడిచేదాన్ని. వేలికి గుచ్చుకుంటే ఆయన నోట్లో పెట్టుకునేవారు. నెల రోజులుగా నా కళ్ళ ముందే చిల్లుల కాగితాలు వెళ్తుంటే, నేనే సూది కొనిచ్చి, జల్లెడలా ఉందని నవ్వుకున్నాను.

గీత గీస్తే ఎడమ చెయ్యి వణుకుతుంది. చిల్లు పొడిస్తే వణకదు. ఎంత ఆలోచించాడో మహానుభావుడు.

"ఇదా మీరు చేస్తున్నది? ఇన్నాళ్ళూ నా మీద?" అన్నాను. ఆయన నా మొహంలోకి సూటిగా చూశారు. తల దించుకోలేదు. సూది కోసం చెయ్యి చాపారు.

జూలై 3, బుధవారం

చుక్కలమ్మవి ఇరవై మూడు ఫిర్యాదులు. అన్నీ బూతుల గడిలోకి మార్చాను. అదే రోజు కడగాలి.

"ఇందులో బూతేముందమ్మా?" అన్నాడు పైపు మేస్త్రి. "వీపే కదా."

"నేను చెప్పింది చెయ్యి," అన్నాను. ఈ మీసం చూసా నేను టీలు తెప్పించింది.

జూలై 5, శుక్రవారం

నిన్న సగం పూట సెలవు పెట్టి ఆ అమ్మాయి క్లినిక్కుకి వెళ్ళాను. ఒక ముసలాయన చేత రబ్బరు బంతి నొక్కిస్తోంది. నన్ను చూడగానే లేచి నడవలోకి వచ్చింది.

"మీరొస్తారని తెలుసు ఆంటీ."

"ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

"నాకూ మొదట తెలీదు. ఏదో పొడుస్తున్నారనుకున్నా. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని మసి గిన్నె అడుగు చూపించి, కాగితం మీద అద్దమని సైగ చేశారు. అద్దితే కింద దుప్పటి మీద మీరు కనిపించారు."

"అయితే గోడలకెక్కిస్తావా?"

"మీ వదినగారికి ఫోన్ చేశాను ముందు. మా మరదలు దేవత, నీకేం తెలుసు అని పెట్టేశారు. ఇంకెవరికి చెప్పను? మాట రాని మనిషి ఆంటీ. ఆయన చెప్పింది చెప్పినట్టు అద్దాను, అంతే. నేను ఒక్క చుక్క కలపలేదు."

ఒళ్ళు మండిపోయింది. రోగి ఇంట్లో కాగితాలు దొంగిలించిందని రాసిస్తే తన ఉద్యోగం ఏమవుతుందో అడిగాను. మొహం పాలిపోయింది. బీరువా తెరిచి చుట్ట తెచ్చి ఇచ్చింది. నాలుగు కాగితాలు, అంచులు బొగ్గు మసి. ఒక్కో కాగితంతో వంద గోడలు అద్దొచ్చు. అది నాకూ తెలుసు, తనకీ తెలుసు.

"రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాను.

"సరే ఆంటీ. నీళ్ళు మాత్రం..." అంది.

తాళం చెవి తీసుకుని వచ్చేశాను.

జూలై 8, సోమవారం

కాగితాలు పొయ్యిలో పెట్టాను. సూది తీసేశాను. మంచం తిప్పి గోడకి ఎదురుగా వేశాను, వాకిలి వైపు చూస్తూ ఉంటే ఆయనకి మనసు చెదురుతోంది. ఇప్పుడు ప్రశాంతంగా ఉంటారు.

దుప్పటి తడవడం దాదాపు లేదు. ఆ అమ్మాయి మానేశాక ఇదొక సుఖం.

జూలై 17, బుధవారం

పేజీలో చుక్కలమ్మ లేదు. కడిగేసిన గోడల ఫోటోలు పెట్టారు. 'ఎక్కడికి వెళ్ళింది?' అని అడుగుతున్నారు. ఒకావిడ రోజూ అడుగుతోంది. చెంచా బొమ్మ సంగతి ఎత్తేవాళ్ళు తగ్గారు. మొదటి బొమ్మే మళ్ళీ మళ్ళీ పెడుతున్నారు, ఆ మెడ వంపు ఎంత బాగుందో అని.

బాగుంది నిజంగానే. ఎడమ చేత్తో, సూదితో పొడిచిన మెడ అది. నేనంటే గిట్టనివాడు అంత చక్కగా ఎలా పొడుస్తాడు?

జూలై 18, గురువారం

ఎవరూ నన్ను చూడని రోజులు ఎలా ఉండేవో మర్చిపోయాను.

జూలై 22, సోమవారం

నిన్న ఆదివారం. ఆయనకి గడ్డం గీశాను, చొక్కా మార్చాను. అట్ట, కొత్త కాగితం, సూది ఒళ్ళో పెట్టాను. కుర్చీ లాక్కుని ఆయనకీ గోడకీ మధ్యలో కూర్చున్నాను, ఎదురుగా.

"ఇటు చూడండి. వీపు చాలు ఇక. నా మొహం వెయ్యండి," అన్నాను. "ఒక్కసారి వేస్తే చాలు. నేనే తీసుకెళ్ళి గోడకి అద్దుతాను. ఆవిడకి మొహం ఉందని, మనిషేనని జనం చూడాలి కదా. మీకు మాత్రం అక్కర్లేదా?"

చాలాసేపు చూశారు. నేను నవ్వు మొహం పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. మెడ లాగేసింది. చివరికి సూది తీసుకున్నారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా ఇరవై ఆరేళ్ళు.

జూలై 29, సోమవారం

రోజూ సాయంత్రం గంటసేపు కూర్చుంటున్నాను. ఆయన చూడటం, పొడవటం, చూడటం, పొడవటం. పెదాలు బాగా పగిలాయి, వెన్న రాశాను. నేను లేనప్పుడు కూడా పొడుస్తున్నట్టున్నారు, వచ్చేసరికి చిల్లులు పెరుగుతున్నాయి. నేను వెలుగుకి పెట్టి చూడటం లేదు. మొదటిసారి గోడ మీదే చూసుకోవాలని.

ఆగస్టు 5, సోమవారం

నిన్న సూది దిండు మీద పెట్టేశారు. అయిపోయింది.

బొగ్గు నూరి, పాత మేజోడులో పోసి మూట కట్టాను. చేతులకి పని గుర్తుంది. రుద్దకూడదు, తట్టాలి. రుద్దితే పొడి చెదిరి బొమ్మ మసకబారుతుంది. ఇది ఆయనే నేర్పారు నాకు.

ఆగస్టు 6, మంగళవారం

పొద్దున ఆరింటికే బస్టాండు గోడ దగ్గరికి వెళ్ళాను. పేజీకెక్కిన మొదటి బొమ్మ పడ్డ చోటే. నాలుగు మూలలా టేపు అంటించి తట్టాను. పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, ఒక్క చిల్లూ వదలకుండా. కాగితం మెల్లగా ఒలిచి, నాలుగడుగులు వెనక్కి వేశాను.

జగ్గు.

మొహం లేదు. నేను లేను. అలమారా పై పలక, దాని మీద జగ్గు, నిలువెత్తు. జగ్గు మీద నీటి చెమట కూడా వేశారు, బొట్టు బొట్టుగా. పిడి గోడ వైపు తిరిగి ఉంది.

పద్నాలుగు రోజులు ఎదురుగా కూర్చున్నాను. పద్నాలుగు రోజులు నా మొహంలోకి చూస్తూ దీన్ని పొడిచాడు.

సంచిలోంచి నా నీళ్ళ సీసా తీసి చేతిగుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టాను. సీసా అంతా ఒంపేశాను. వెనక ఎవరో "మేడమ్, తుడవకండి, ఆగండి" అంటున్నారు. పొద్దున నడకకి వచ్చిన మనిషెవరో. నేను తిరగలేదు. బొగ్గంతా నల్లగా కారి నా చెప్పుల మీద పడింది.

ఆగస్టు 7, బుధవారం

పేజీలో ఫోటో వచ్చింది. గోడ మీద సగం చెరిగిన జగ్గు, దాని ముందు నేను. వెనక నుంచి. ముడి, పన్ను విరిగిన క్లిప్పు, మెడ మీద పుట్టుమచ్చ. చెయ్యి పైకెత్తి, మడమలు లేపి.

'చుక్కలమ్మ దొరికింది' అని పెట్టారు. తొమ్మిది వేల మంది చూశారు. ఇది ఇంతవరకు వచ్చినవాటన్నిటికంటే ఎక్కువ.

కింద ఎవరో ఒక్క ముక్క రాశారు. పేరు లేకపోయినా ఎవరో నాకు తెలుసు. 'ఆ జగ్గు అలమారా మీద ఉంటుంది. మంచంలో ఉన్నాయనకి అందదు. ఆయన వేసింది మొదటి నుంచీ అదే.'

ఆ తర్వాత స్వేచ్ఛ మాస్టారు తన నాలుగు పేరాలు తీసేశాడు.

పైపు మేస్త్రి కాగితాల కోసం వచ్చాడు. ఎప్పటిలా నా కుర్చీ వెనక నిలబడలేదు. బల్లకి అవతలే నిలబడి, "ఇవ్వండమ్మా," అన్నాడు. నా మొహం వంక మాత్రం చూడలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

వదిన ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది. "ఎవరో ఏదో చూపించారమ్మాయ్. నేను నమ్మలేదనుకో. ఆదివారం పదింటికి వస్తాను. ఆ ఫిజియో పిల్లని కూడా వెంటబెట్టుకొస్తాను. వాణ్ణి కొన్నాళ్ళు మా ఇంట్లో పెట్టుకుందామని మీ అన్నయ్య అంటున్నాడు," అంది.

"రా వదినా, నువ్వు రావడం కంటేనా," అన్నాను.

ఆగస్టు 10, శనివారం

నిన్న ఇంటికి వెళ్ళగానే మంచం మళ్ళీ వాకిలి వైపు తిప్పాను. బెల్లు బిగించాను. జగ్గు దించి, కడిగి, నిండా నీళ్ళు పోసి మంచం పక్క స్టూలు మీద పెట్టాను. పిడి ఆయన ఎడమ చేతి వైపు తిప్పి మరీ పెట్టాను.

"తాగండి. ఎన్ని కావాలంటే అన్ని తాగండి. నేనేమైనా వద్దన్నానా ఎప్పుడైనా?" అన్నాను.

ఆయన జగ్గు వైపు చూశారు. పెదాలు తడుపుకోబోతే నాలుక తడి లేక అంటుకుపోయింది. చెయ్యి చాపి పిడి పట్టుకున్నారు. ఎత్తుతారనుకున్నాను. ఎత్తలేదు. నా వైపే చూస్తూ, నెమ్మదిగా, నీళ్ళు తొణక్కుండా, పిడిని గోడ వైపుకి తిప్పారు. తిప్పి చెయ్యి తీసేసుకున్నారు.

పది నిమిషాలు నిలబడ్డాను. ముట్టుకోలేదు. దాహం లేదన్నమాట. ఇన్నాళ్ళూ జనమంతా దేని గురించి ఏడ్చారో మరి.

జగ్గు మళ్ళీ పైన పెట్టేశాను. వదిన వచ్చేది రేపు పదింటికి. తొమ్మిదిన్నరకి దించితే చాలు.